పూస చూడనిదే కలపని మనిషి

మా అక్క చెయ్యి వణకదు. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. పంతొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో మెలుగుతున్నాం. ఇద్దరు తోడికోడళ్లు ఇన్నేళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడి ఇంకా మాట్లాడుకుంటున్నారంటే అందులో నా గొప్పేమీ లేదు. నాకు నోరెక్కువ. ఆవిడ నోరు తెరవదు. మా ఇంటిని కాపాడింది అదే. ఆ తెరవని నోరు మొన్న తెరుచుకుంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఇద్దరం పనిచేసేదీ ఒకచోటే. పిల్లలు కలగనివాళ్లు వచ్చే చిన్న ఆసుపత్రి. కింద నా బల్ల, ఫోను, ఫైళ్ల బీరువా. పైన ఆపరేషన్ గది, దాని పక్కనే అక్క పనిచేసే ల్యాబు. అండాలకు వెలుతురు మంచిది కాదని ఆ గది కిటికీ అద్దాలకు నల్లరంగు కొట్టించారు. లోపల రెండు ఎర్రటి చిన్న దీపాలుంటాయి. మిట్టమధ్యాహ్నం వెళ్లినా అక్కడ పొద్దు గూకినట్టే ఉంటుంది. చెప్పులు బయట విడిచి, టోపీ పెట్టుకుని, గొంతు తగ్గించి మాట్లాడాలి. నాలాంటిదాన్ని లోపలికి రానివ్వకపోవడానికి ఆ చివరి నియమం ఒక్కటి చాలు.

పైనున్న వాళ్లంతా అక్కను గాజమ్మ అంటారు. చేతికి ఒక్క గాజైనా లేని మనిషికి ఇదేం పేరని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత చూశాను. సన్నటి గాజు గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని నీలిమంట మీద తిప్పుతుంది. అది మెత్తబడగానే మంట మీంచి తీసి ఒక్క లాగు లాగుతుంది. నడుమ వెంట్రుకంత సన్నగా సాగుతుంది. దాన్ని తుంచి, మూతిని మళ్లీ మంటకు చూపించి నున్నగా చేస్తుంది. ఆ గొట్టంతోనే గుడ్లను పీల్చి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మారుస్తుంది. మిగతా చోట్ల అందరూ ప్లాస్టిక్ గొట్టాలు కొని, ఒకసారి వాడి పారేస్తున్నారు. ఈవిడ మాత్రం, "ప్లాస్టిక్ మూతి గరుకు. గుడ్డుకు గీసుకుంటుంది" అంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు. తను చేసిన గొట్టాల్లో కుదిరినవాటిని కడిగి, ఆరబెట్టి, మళ్లీ మళ్లీ వాడుతుంది. ఒక్కొక్కటీ నెలల తరబడి ఉండేది.

ఈ చెయ్యి ఈ ఆసుపత్రిలో తయారైంది కాదు. అంతకుముందు ఇరవై రెండేళ్లు పశువుల పరిశోధనశాలలో పనిచేసింది. తెల్లవారగానే కబేళాకు వెళ్లి, కోసిన ఆవుల అండాశయాలను గోరువెచ్చటి ఉప్పునీళ్లున్న ఫ్లాస్కులో వేసుకుని బస్సెక్కేది. చలికాలంలో ఫ్లాస్కు చల్లబడుతుందని కొంగులో చుట్టి పొట్టకు ఆనించుకునేది. ఒకసారి కండక్టరు, "ఎన్నో నెలమ్మా, కూర్చోండి" అని సీటిప్పించాడట. ఈవిడ కాదనకుండా కూర్చుందట. అక్క చెప్పగా నేను విన్న హాస్యం ఆ ఒక్కటే. ఆవిడకు పిల్లల్లేరు. నా ఇద్దరు పిల్లలూ ఆవిడ చేతుల్లోనే పెరిగారు.

ఆ పరిశోధనశాల మూతపడ్డాక, ఎనిమిదేళ్ల కిందట, ఇక్కడికి వచ్చింది.

వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం బఠాణీలు ఒలుస్తూ అడిగాను, "గుడ్డూ వీర్యకణం ఒకే గిన్నెలో వేస్తే వాటంతటవే కలుస్తాయిగా, నువ్వు రోజంతా అక్కడ చూసేదేమిటక్కా?" అని.

"కలవడం గుడ్డుకు పుట్టుకతో రాదే," అంది. "ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే దాని గుడ్లన్నీ తయారవుతాయి. అప్పట్నుంచీ నిద్రే. ఏళ్ల తర్వాత ఒక్కోటీ లేస్తుంది. లేచి పెరిగేటప్పుడు దాని ఒంటినిండా సన్నటి నూగు వస్తుంది. ఆ నూగు దగ్గర ఒక ప్రొటీన్ ఉంటుంది. వీర్యకణం తలమీద దానికి సరిపోయేది ఇంకోటి. అవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పట్టు దొరక్కపోతే ఎంత ఆనుకుని పడుకున్నా పరాయివాళ్లే."

"మా పెళ్లయిన కొత్తలో మేమిద్దరం ఉన్నట్టు," అన్నాను.

అక్క నవ్వలేదు. చేతిలో గింజను వేళ్ల మధ్య తిప్పుతోంది.

"భయం ఎక్కడో తెలుసా? గుడ్డుకు రానివ్వడం ముందు వస్తుంది, ఆపడం తర్వాత వస్తుంది. పచ్చిగుడ్డు కూడా రానిచ్చేస్తుంది. ఒకటి వచ్చాక రెండోదాన్ని, మూడోదాన్ని ఆపలేదు. అలాంటిది బతకదు. బాగా పండిన గుడ్డయితే ఒక్కటి కలవగానే ఆ ప్రొటీన్‌ని ఒంటిమీంచి రాల్చేసుకుంటుంది. ఇక ఎవరికీ పట్టు దొరకదు."

"పండిందని నీకెట్లా తెలుస్తుంది?"

"పూస. తన సామానులో సగాన్ని చిన్న పూసలా చేసి పక్కకు నెట్టేస్తుంది. అది కనబడితే సిద్ధమైనట్టు. పూస చూడనిదే నేను కలపను."

ఇక్కడొక సంగతి చెప్పాలి. కడుపులోంచి తీసిన గుడ్డు చుట్టూ మబ్బులాంటి కణాల గుంపు ఉంటుంది. అది ఉండగా పూస కనబడదు. చాలామంది ఆ మబ్బుతోనే గుడ్లను వీర్యకణాల్లో వేసేసి, మర్నాడు చూసుకుంటారట. అక్క అలా కాదు. ముందే తన గాజు గొట్టంలోంచి గుడ్డును పదిసార్లు అటూ ఇటూ పీల్చి వదిలి, మబ్బంతా ఒలిచేసి, పూస చూసి, అప్పుడు కలుపుతుంది. అంత ఓపిక ఎవరికుందని మా డాక్టరమ్మ వచ్చినవాళ్లందరితో చెప్పుకునేది. నేనూ చెప్పుకునేదాన్ని. చివరికి కొంప ముంచింది ఆ ఓపికే.

రెండు నెలల కిందట ఆపరేషన్ పరికరాలు కడగడానికి నారింజ రంగు డబ్బా ఒకటి వచ్చింది. అమ్మడానికి వచ్చినవాడు నా బల్ల ముందే నిలబడి, "రక్తం, చీము, మాంసం ముక్క, ఏది అంటుకున్నా తినేస్తుంది మేడం. ఎంజైము" అని పొగిడాడు. ఎండిన రక్తపు మరకున్న గుడ్డముక్కను అందులో ముంచి తీసి చూపించాడు. మరక పోయింది. నర్సులు సంబరపడ్డారు. అక్క కూడా ఒక సీసాలో కాస్త పోయించుకుని పైకి పట్టుకెళ్లి, తన గొట్టాలు నానబెట్టే తొట్టెలో రెండు మూతలు కలిపింది. ఆ సాయంత్రం ఒక గొట్టం తెచ్చి వెలుతురుకు పట్టి చూపించింది. "చూడవే, ఎంత తేటగా వచ్చిందో." నిజంగానే తళతళలాడుతోంది. నేను కూడా ముచ్చటపడ్డాను. 

ఆ వారం నుంచే గుడ్లు కలవడం మానేశాయి.

కలవకపోతే ఫోను చేసి చెప్పాల్సింది నేను. ఏం చెప్పాలో డాక్టరమ్మ ఒక కాగితం మీద రాసిచ్చింది. నా బల్ల అద్దం కింద ఉంటుంది. "అండాల్లో సత్తా సరిపోలేదు. వయసు వల్ల కావచ్చు, శరీర తత్వం వల్ల కావచ్చు. ధైర్యంగా ఉండండి." ఇదివరకు పది మందిలో ఇద్దరు ముగ్గురికి చదివేదాన్ని. ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ చదువుతున్నాను. మొదటివారం ఇద్దరు, తర్వాతివారం ఇద్దరు. అలా అలా పదకొండు మందయ్యారు.

మొదట చదివింది ఒక చిన్నపిల్లకు. ముప్ఫై కూడా ఉండవు. అంతా విని, "అంటే తప్పు నాదేనా అండీ?" అంది. తప్పని కాదమ్మా, తత్వం అన్నాను. వెనక నుంచి ఎవరిదో గొంతు, "ఏమంటున్నారు? ఎవరిలో లోపమంట?" అని అడగడం వినబడింది. ఫోను ఠక్కున పెట్టేశారు. టీ చల్లారిపోతుందని నేను టీ తాగాను.

నాలుగోది టైలరమ్మ. నలభై ఒక్కేళ్లు. ఆసుపత్రి కర్టెన్లు, ల్యాబువాళ్ల టోపీలు అన్నీ ఆవిడ కుట్టినవే. అక్క తల చిన్నదని ఆవిడ టోపీకి లోపల ఒక మడత ఎక్కువ వేసి తెచ్చేది. ఆవిడకు నాలుగు గుడ్లు వచ్చాయి, నాలుగూ కలవలేదు. కాగితం చదివితే, "నాలుగూనా? ఒక్కటైనా కాదా?" అని రెండుసార్లు అడిగింది. ఇంకొక్కసారి ప్రయత్నించవచ్చు, అండాశయం అడుగంటుతోంది కాబట్టి అదే చివరిది అని డాక్టరమ్మ చెప్పింది.

డాక్టరమ్మ చెడ్డది కాదు. ఊరుకోలేదు కూడా. గుడ్లుంచే ద్రవం మార్పించింది, వెచ్చటి పెట్టెకు వచ్చే గ్యాసు సిలిండరు మార్పించింది, గాలి వడపోసే జల్లెడ మార్పించింది. గుడ్డులోకి వీర్యకణాన్ని సూదితో గుచ్చే యంత్రం మా దగ్గర లేదు. ఉంటే ఇవేవీ బయటపడేవి కావు. మధ్యలో ఇద్దరికి మాత్రం చక్కగా కలిసింది. ఆ రెండు రోజులూ అక్కకు జ్వరం. ల్యాబులో ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కొత్తమ్మాయి ప్లాస్టిక్ గొట్టంతో, మబ్బు ఒలవకుండా పని కానిచ్చేసింది. అది అదృష్టం అనుకున్నాం. అక్క జ్వరం తగ్గి వచ్చాక ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఇలా గుడ్డిగా కలపకూడదని మందలించి, మబ్బు ఒలవడం నేర్పి, తన గొట్టాలే ఆరు ఇచ్చింది.

పదకొండో ఆవిడ గుడ్లు పారేయాల్సిన రోజున అక్క వాటిని పారేయలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి మీద పాలు పెట్టి అలాగే నిలబడిపోయింది. పాలు పొంగి, మంట ఆరిపోయి, గ్యాసు వాసన వచ్చింది. నేను పరుగెత్తుకెళ్లి కట్టేశాను.

"ఏమైందక్కా?"

"లోపలికొచ్చాయే," అంది. "వీర్యకణాలు గుడ్డు చుట్టూ ఉండే పొర దాటి లోపలికి వచ్చాయి. గుడ్డుకు ఆనుకునే ఉన్నాయి. ఒకటి కాదు, నాలుగు. చచ్చిపోయి ఉన్నాయి."

"వచ్చాయిగా మరి? ఇంకేంటి?"

"వాకిట్లోకి వచ్చాయి. ఇంట్లోకి రాలేదు. రోజంతా తలుపు కొట్టి కొట్టి చచ్చాయి." పొంగిన పాలు తుడుస్తూ అంది, "వీర్యకణాలు మంచివే, లేకపోతే పొర దాటవు. గుడ్డు మంచిదే, పూస నేను చూశాను. దాని ఒంటిమీద పట్టు లేదు. ఎవరో గీకేసినట్టు పోయింది. పదకొండు మందికీ ఒకే జబ్బు ఎట్లా వస్తుంది?"

అప్పుడు పాత సంగతి చెప్పింది. పశువుల పరిశోధనశాలలో ఒక విద్యార్థి ఎలుక గుడ్ల పొర తీయడానికి ఎంజైము ఎక్కువసేపు వాడాడట. చూడటానికి గుడ్లు ముత్యాల్లా ఉన్నాయి, ఒక్కటీ కలవలేదు. వాడు ఏడుపు మొహం పెడితే ముసలి ప్రొఫెసరు, "పారేయకు, ఆరు గంటలు అలా వదిలెయ్. పోయిన పట్టును గుడ్డు మళ్లీ తనే తయారు చేసుకుంటుంది" అన్నాడట. చేసుకుందట కూడా.

"ఎంజైము," అన్నాను నేను. నారింజ డబ్బా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అక్క గోడ పట్టుకుని కింద కూర్చుంది.

"గాజుకు అంటుకుని ఉంటుందంటావా? కడుగుతావుగా!"

"నాలుగు నీళ్లు కడుగుతాను. చాలవేమో. ఒక్కో గుడ్డును పదిసార్లు తిప్పుతాను దాంట్లో. తెలీదే. చూడాలి."

గోటితో పోయేదో, గొడ్డలి దాకా వచ్చిందో తేల్చుకోవాలంటే మనుషుల గుడ్లతో ఆటలాడకూడదు. శుక్రవారం అటక మీంచి పాత ఫ్లాస్కు దించింది. రెండు రోజులు సెలవు పెట్టి, తెల్లవారుజామునే కబేళాకు వెళ్లి, పశువైద్యశాలలో పనిచేసే పాత స్నేహితుడి ల్యాబులో కూర్చుంది. ఆవు గుడ్లు కూడా తీసిన వెంటనే పనికిరావు. ఒక పగలూ ఒక రాత్రీ వెచ్చగా ఉంచి పండించాలి. శనివారం ఉదయానికి పూసలు వచ్చాయి. వాటిని మూడు గిన్నెలు చేసింది. మొదటి గిన్నెలోవి ప్లాస్టిక్ గొట్టంతో ఒలిచి కలిపింది. రెండోవి తన గాజుతో ఒలిచి కలిపింది. మూడోవి కూడా తన గాజుతోనే ఒలిచి, ఆరు గంటలు ఊరికే ఉంచి, అప్పుడు కలిపింది.

ఈలోగా ఆసుపత్రిలో ఇంకొకటి జరిగింది. టైలరమ్మకు సోమవారం గుడ్లు తీయాలి. శనివారం సాయంత్రం రక్తపరీక్ష చూసి, గుడ్లు అనుకున్నదానికంటే ముందే జారిపోయేలా ఉన్నాయని డాక్టరమ్మ ఆదివారం ఉదయానికి మార్చింది. నన్ను రమ్మంది. అక్క ఆ రాత్రి స్నేహితుడి ల్యాబులోనే ఉండిపోయింది, ఫోను చేస్తే ఆ గోడల మధ్య అందలేదు. ఒక్కపూటకు కొత్తమ్మాయి చాలులే అనుకున్నారు. గాజు సంగతి ఇంకా అనుమానమేనని నేనెవరికీ చెప్పలేదు, ఆ అమ్మాయి దగ్గరా అవే గొట్టాలున్నాయని నాకు తట్టలేదు. తొమ్మిదింటికల్లా గుడ్లు తీయడం అయిపోయింది. మూడొచ్చాయి.

పదింటికి నా ఫోను మోగింది. అక్క.

"నా గాజేనే," అంది. "మొదటి గిన్నెలో ఇరవైలో పదహారు కలిశాయి. రెండోదాంట్లో ఒక్కటీ లేదు. మూడోదాంట్లో పన్నెండు. నా గాజే చేసింది." గొంతు మామూలుగానే ఉంది. "రేపు టైలరమ్మకి ప్లాస్టిక్..."

"అక్కా, టైలరమ్మవి తీసేశారు. పొద్దున్నే."



"ఎవరు చేస్తున్నారు?"

"కొత్తమ్మాయి."

"ఏ గొట్టంతో?"

నేను ఫోను చేత్తో పట్టుకునే మెట్లెక్కాను. చెప్పులు విప్పడం మరిచిపోయాను. ల్యాబు తలుపు తోసేసరికి ఎర్ర దీపం కింద ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది. చేతిలో గాజు గొట్టం ఉంది.

"మూడింటికీ పూస ఉందండీ," అంది. "అక్క నేర్పినట్టే మబ్బంతా ఒలిచేశాను. ఇప్పుడే కలపబోతున్నా."

"చెయ్యి తియ్!" అని అరిచాను. ఆ గదిలో అంత గొంతు ఎప్పుడూ ఎవరూ వినలేదు. ఆ పిల్ల బిత్తరపోయి రెండు చేతులూ పైకెత్తింది. గిన్నె బల్ల మీదే ఉంది. వీర్యకణాలున్న గొట్టం పక్కనే ఉంది.

ముప్పావుగంటలో అక్క వచ్చింది. ఫ్లాస్కు ఇంకా చేతిలోనే ఉంది. మొదట డాక్టరమ్మకు చెప్పింది, తలుపు దగ్గరే నిలబడి, నాలుగు ముక్కల్లో. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. తర్వాత కోపం వచ్చింది.

"ఆవు గుడ్డునీ మనిషి గుడ్డునీ ఒకే గాటన కడతావా? ఆరు గంటలు ఆపితే ఇవి ముదిరిపోతాయి. నలభై ఒక్కేళ్ల మనిషి గుడ్లు. ఇప్పుడే కలిపెయ్యి, దొరికితే దొరుకుతుంది."

ఆవిడ మాటలోనూ న్యాయముంది. ముదిరిన గుడ్డు కూడా పచ్చిగుడ్డు లాంటిదే. తలుపు వేసుకునే శక్తి దానికి తగ్గిపోతుంది. ఇప్పుడు కలిపితే పట్టు లేదు, ఆపి కలిపితే అడ్డు ఉండకపోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మూడు గుడ్లు తప్ప ఆ మనిషి ఒంట్లో ఇక ఆశ లేదు.

"అవి ఆవిడవి," అంది అక్క. "ఆవిణ్నే అడుగుతాను."

"ఏమని అడుగుతావ్? మేమే పాడుచేశామనా?"

అక్క వార్డులోకి నడిచింది. డాక్టరమ్మ ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. నేను అక్క వెనకే వెళ్లాను.

టైలరమ్మకు మత్తు వదిలింది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. బస్సు నడిపే వాళ్లాయన పక్క స్టూలు మీద ఉన్నాడు. అక్కను చూసి, "టోపీ వదులైందా? మడత విప్పుకుందా?" అంది.

చల్లకొచ్చి ముంత దాచడం అక్కకు రాదు. "నేను గుడ్లు పట్టుకునే గాజు గొట్టాల్లో ఒక మందు మిగిలిపోతోంది," అంది. "నాకిప్పుడే తెలిసింది. గుడ్డు ఒంటిమీద, వీర్యకణం పట్టుకునే చోటును అది గీకేస్తుంది. మీ మూడు గుడ్లూ పొద్దున దాంట్లోంచే వెళ్లాయి. ఇప్పుడు కలిపితే కలవవు. ఆరు గంటలు ఆగితే మళ్లీ పట్టు రావచ్చు. ఆవు గుడ్డుకు వచ్చింది. మనిషి గుడ్డుకు వస్తుందో రాదో నాకు తెలీదు. ఈలోపు ముదిరిపోవచ్చు కూడా."

బస్సాయన లేచి నిలబడ్డాడు. టైలరమ్మ చెయ్యి ఊపి కూర్చోబెట్టింది. చాలాసేపు అక్క చేతుల వంకే చూసింది.

"పోయినసారి నాలుగు?"

"అవి కూడా నా చేతుల్లోనే," అంది అక్క.

"నాలో సత్తా లేదన్నారు." ఆ మాట అంటూ నా వంక చూసింది. కాగితం డాక్టరమ్మ రాసిచ్చిందే. పలికిన నోరు నాది. 

టైలరమ్మ దుప్పటి అంచు వేళ్లతో సాపుచేస్తూ అంది, "గుడ్డ తడిసి ముడుచుకుంటే అది ఆరేదాకా నేను కత్తెర పెట్టను. తొందరపడి కోస్తే కొలత తప్పుతుంది. ఆగండి."

"సరే," అంది అక్క.

"నాకొక్కదానికేనా, ఇంకెవరైనా ఉన్నారా?"

"మీతో కలిపి పదకొండు మంది."

"వాళ్లకు చెప్పారా?"

"లేదు."

"చెప్పండి," అంది టైలరమ్మ. "ఇది నిలిచినా నిలవకపోయినా వాళ్లకు చెప్పండి. నెలకు పైగా నేను అద్దంలో మొహం చూసుకోలేదు."

ఆ ఆరు గంటలూ ఎలా గడిచాయో నేను చెప్పలేను. అక్క వెచ్చటి పెట్టె ముందు స్టూలేసుకుని కూర్చుంది. తలుపు తెరిస్తే వేడి పోతుందని ఒక్కసారి కూడా తెరవలేదు. పెట్టె మీద అంకె ముప్ఫై ఏడు చూపిస్తూనే ఉంది. కొత్తమ్మాయి మూలన కూర్చుని ఏడ్చింది. కింద టైలరమ్మ ఊరికే కూర్చోలేక సూదీదారం అడిగి, మంచం పక్కన చిరిగిన కర్టెను అంచు కుట్టుకుంది, తను కుట్టినదే. బస్సాయన మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకు అడ్డం తప్పుకుంటూ ఉన్నాడు. నేను రెండుసార్లు టీ తెచ్చాను, రెండుసార్లూ పారబోశాను. నాలుగింటికి అక్క లేచి, తన గొట్టాలన్నీ చెత్తబుట్టలో వేసి, ప్లాస్టిక్ గొట్టంతో మూడు గుడ్లనూ వీర్యకణాల్లో కలిపింది.

మర్నాడు తొమ్మిదింటికి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. డాక్టరమ్మ వెనక నిలబడింది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను.

"మొదటిది కలవలేదు," అంది అక్క. గిన్నె జరిపింది. "రెండోదాంట్లోకి మూడొచ్చాయి. ఆపలేకపోయింది."

మూడోదాని దగ్గర చాలాసేపు ఆగింది. కంటి దగ్గర అద్దం సర్దుకుంది. మళ్లీ చూసింది.

"రెండు వలయాలు. తల్లిదొకటి, తండ్రిదొకటి. పక్కపక్కన. పూర్తిగా కలిసింది."

ఎవరూ సంతోషించలేదు. డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. ఆ ఒక్కదాన్నీ మూడోనాడు టైలరమ్మ కడుపులో పెట్టారు. పద్నాలుగో రోజున రక్తపరీక్ష. నేనిది రాస్తున్నది తొమ్మిదో రోజున.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ సోమవారం సంగతి. కలిసిందని టైలరమ్మకు ఫోను చేస్తే, "ఒకటి చాలు," అని, వెంటనే, "మిగతావాళ్లకు చెప్పారా?" అంది.

డాక్టరమ్మ వద్దంది. నారింజ డబ్బా పారేశాం, గాజు పారేశాం, ఇకమీదట జరగదు, జరిగినదాన్ని కెలికితే ఎవరికి లాభం అంది. ఆసుపత్రి మూతపడుతుందంది. ఇందులో పనిచేసే పదిహేడు మంది ఎక్కడికి పోతారంది. అక్క అన్నీ విని తలూపి కిందికి వచ్చి, నా బల్ల ముందు నిలబడింది. ఫైళ్ల బీరువా తాళం నా దగ్గరుంటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదాన్నని రేపు నన్నంటారని నాకు తెలుసు. అననీ. బల్ల అద్దం ఎత్తి ఆ కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాను. బీరువా తెరిచి పది ఫైళ్లు తీసి బల్ల మీద పెట్టాను.

"నేను మాట్లాడతానక్కా. చెప్పింది నేనే కదా."

"చేసింది నేను," అంది. నా కుర్చీలో కూర్చుంది. మొదటి ఫైలు ఆ చిన్నపిల్లది, తప్పు నాదేనా అని అడిగిన అమ్మాయిది. నేను నంబరు నొక్కి, ఇద్దరికీ వినబడేలా స్పీకరు పెట్టాను.

ఒక పెద్దావిడ ఎత్తింది. ఆ గొంతు నేను గుర్తుపట్టాను. ఎవరిలో లోపమంట అని వెనక నుంచి అడిగిన గొంతు.

అక్క ఆసుపత్రి నుంచి అని చెప్పి, ఆ అమ్మాయితో మాట్లాడాలంది.

"మా కోడలా? లేదమ్మా ఇక్కడ," అంది పెద్దావిడ. "దాని గుడ్లలో సత్తా లేదని మీరే కదా చెప్పారు. పుట్టింటికి పంపేశాం. అయిదు వారాలైంది. మా వాడికి వేరే సంబంధం చూస్తున్నాం. మళ్లీ ఏంటి?"

"అది తప్పు," అంది అక్క. "ఆ అమ్మాయి గుడ్లు మంచివి. పాడుచేసింది నేను."

అటువైపు ఎక్కడో టీవీ మోగుతోంది. ఎవరో దాని గొంతు తగ్గించాక పెద్దావిడ, "ఇప్పుడా చెప్పడం?" అంది.

"ఆ అమ్మాయి పుట్టింటి నంబరు చెప్పండి," అంది అక్క. "రాసుకుంటాను."

పెద్దావిడ చెప్పడం మొదలుపెట్టింది. అక్క పెన్ను తీసుకుంది. మొదటి అంకె పడింది, రెండోది పడలేదు. పెన్ను ఫైలు అట్ట మీద టకటకమని కొట్టుకుంటోంది. వెంట్రుకంత గాజును ముప్ఫై ఏళ్లు పట్టుకున్న చెయ్యి. రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది. అయినా ఆగలేదు.

నేను ఆ పెన్ను తీసుకుని, మళ్లీ మొదట్నుంచి చెప్పమని పెద్దావిడను అడిగి, నంబరు రాశాను. బల్ల మీద ఇంకా తొమ్మిది ఫైళ్లున్నాయి.